బిరడా — జెట్ పడవ చరిత్రలో ఒక చిన్న మూత



ఛందస్సు, వ్యాకరణం, పాతపుస్తకాలు తప్ప మరొకటి ముట్టని ఈయనకు పడవలతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. నిజమే. ముప్పైనాలుగేళ్ళు ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి. యంత్రాలతో నా పరిచయం సైకిలు గాలిపంపుతో మొదలై అక్కడే ఆగిపోయింది. అయినా ఈసారి ఒక బిరడాను గురించి వ్రాయవలసి వచ్చింది. సీసా బిరడా కాదు, వీణ బిరడా కాదు; జెట్ పడవ వెనుకభాగాన, చేయి పట్టేటంత గొట్టానికి మూతగా ఉండే బిరడా. దాన్ని పట్టుకొని లాగితే మూడున్నర శతాబ్దాల చరిత్ర బయటికి వచ్చింది. ఆ కథ మీతో పంచుకోవాలని ఈ టపా.

మా అబ్బాయి న్యూజిలాండులో క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. గత సంక్రాంతికి నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాము. మనకు చలికాలమైతే వాళ్ళకు నడివేసవి. వేసవి అంటే అక్కడివారికి నీళ్ళే. మావాడు కూడా తన సహోద్యోగితో కలిసి ఒక పాత జెట్ పడవ కొన్నాడు. ఇంటిముందు ట్రైలరుమీద, ధాన్యపు బండిలాగా, అది నిలబడి ఉంది. ఆ మాట వినగానే మా ఆవిడ ముఖం వాడిపోయింది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవప్రమాదం తరువాత మా ఇంట్లో పడవ అన్న మాట ఎవరూ తేలికగా ఎత్తరు. గోదావరి గట్టున పుట్టినవాళ్ళం. నీటిమీద మాకు భక్తి ఎంతో భయమూ అంతే.

ఒక శనివారం పొద్దున్న మావాడు ఆ పడవ వెనుక కూర్చుని దేనితోనో కుస్తీ పడుతున్నాడు. అక్కడ పక్కపక్కన రెండు గొట్టాలున్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బిరడా. పడవ లోపలి పంపులోకి గడ్డీ నాచూ చేరినప్పుడు ఈ బిరడా తీసి, చేయి దూర్చి, వాటిని లాగివేయాలట. కుడివైపుది కదలడం లేదు. ఎడమవైపుది వచ్చింది గాని, దాని చుట్టూ ఉన్న రబ్బరు ఉంగరం ఎండిన కరక్కాయలాగా బీటలు వారింది. పాత యజమాని పడవను సముద్రంలో తిప్పి, ఏళ్ళ తరబడి ఈ బిరడాల జోలికే పోలేదని తేలింది.

మావాడు చేతులు దులుపుకొని, "రెండింటికీ సీలంటు పూసి శాశ్వతంగా మూసేస్తాను నాన్నగారూ. గొడవ వదిలిపోతుంది. మనం గడ్డి ఉన్నచోటికి ఎలాగూ వెళ్ళం" అన్నాడు.

నాకు పడవ తెలియదు. కాని బడిపంతుల్ని కనుక ఒక ప్రశ్న నోటికి వచ్చింది. "అక్కరలేనిదైతే చేసినవాడు ఎందుకు పెట్టాడురా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. ఆ నగరపు నడిబొడ్డున 2018లో తెరచిన 'తూరంగ' అనే పెద్ద గ్రంథాలయం ఉంది. మర్నాటినుంచి నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాను. చదివినది నాకు అర్థమైనంతమేరకు చెబుతాను.

* * *

మామూలు మరపడవకు అడుగున పంకా ఉంటుంది. అది నీటిని వెనక్కు నెట్టితే పడవ ముందుకు పోతుంది. లోతున్నచోట దానికి సాటి లేదు. లోతు తగ్గితే మాత్రం పంకా రాతికి తగిలి విరుగుతుంది, గడ్డిలో చిక్కుకుంటుంది. మా చిన్నతనంలో డెల్టా కాలువలమీద లాంచీలు తిరిగేవి. కాటను దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆ కాలువలు పైరుకూ దారే, పడవకూ దారే. గుర్రపుడెక్క పంకాకు చుట్టుకుంటే లాంచీ ఆగిపోయేది. కుర్రకళాసీ ఒకడు కొడవలి నోట కరచుకొని నీళ్ళలోకి దిగి, మునిగి, కోసి, ఆయాసపడుతూ పైకి తేలేవాడు. వాడు తేలేవరకు లాంచీలోని ఆడవాళ్ళు దేవుళ్ళకు దండాలు పెట్టుకునేవారు. ఆ దృశ్యం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. దాన్ని గుర్తుంచుకోండి. మళ్ళీ అవసరపడుతుంది.

పంకా బయట ఉండడం చిక్కైతే, దాన్ని పడవ కడుపులోనే పెట్టి, నీటిని లోపలికి పీల్చి, ధారగా వెనక్కు చిమ్మితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో టూగుడ్, హేయ్స్ అనేవాళ్ళు 1661లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందారు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఇటువంటి పడవను ప్రతిపాదించాడు. జేమ్స్ రమ్సీ అనే ఆయన 1787 డిసెంబరు 3న పొటోమాక్ నదిలో, షెపర్డ్స్‌టౌన్ దగ్గర, ఆవిరియంత్రంతో నీటిని పంపుచేసి వెనుకకు చిమ్మించి, ఒడ్డున జనం చూస్తుండగా పడవ నడిపాడు. బ్రిటిషు నౌకాదళం 1866లో 'వాటర్‌విచ్' అనే యుద్ధనౌకను ఈ పద్ధతిలోనే కట్టి, పంకా ఉన్న నౌకలతో పోటీపెట్టి చూసింది. దానిలో చెప్పుకోదగ్గ లాభం వారికి కనబడలేదు. నీటిని లోపలికి తెచ్చి, మలుపులు తిప్పి, బయటికి తోయడంలోనే బలం చాలావరకు వ్యర్థమైపోయేది. లోతైన సముద్రంలో పంకాకు ఏ ఇబ్బందీ లేనప్పుడు ఈ ప్రయాస ఎవరికి కావాలి? అందుకని ఆ ఆలోచన చాలాకాలం మూలబడి ఉంది.

అవసరం ఉన్నచోట పుట్టేదాకా ఏ ఆలోచనా నిలబడదు. ఈ ఆలోచనకు ఆ చోటు న్యూజిలాండు దక్షిణద్వీపంలో దొరికింది.

* * *

అక్కడి నదులను చూస్తేగాని ఈ కథ బోధపడదు. రాకాయా, వైమకరీరి, వైటాకి — ఇవి మన గోదావరిలాగా నిండుగా ఒకే ఒడ్డు పట్టుకొని పారే నదులు కావు. మంచుకొండలనుంచి గులకరాళ్ళను దొర్లించుకొని వచ్చి, మైదానంలో పడగానే పాయలు పాయలుగా చీలి, కలిసి, మళ్ళీ చీలి, ఆడపిల్ల జడ అల్లినట్లు పారుతాయి. ఈ ఏడు ఉన్న పాయ వచ్చే ఏడు ఉండదు. చాలాచోట్ల లోతు జానెడుకు మించదు. పంకా పడవను ఆ నదిలో నడపడమంటే గచ్చునేలమీద నాగలి దున్నడమే.

ఆ దేశంలోనే 1899లో విలియం హామిల్టన్ పుట్టాడు. ఊరంతా బిల్ అని పిలిచేవారు. 1921లో మెకెన్జీ ప్రాంతంలో ఐరిష్‌మన్ క్రీక్ అనే పెద్ద గొర్రెలక్షేత్రం కొన్నాడు. ఇంటికి విద్యుత్తు కావాలనుకుంటే తానే ఆనకట్ట కట్టుకున్నాడు. ఆనకట్టకు మట్టి తవ్వే యంత్రం కావాలంటే దాన్నీ తానే తయారుచేసుకున్నాడు. 1939లో స్థాపించిన ఆయన సంస్థ యుద్ధకాలంలో సైన్యానికి సామగ్రి చేసింది. గొర్రెల దొడ్డి పక్కన కార్ఖానా అన్నమాట.

ఆయనకొక కోరిక ఉండేది. తన ఇంటి చుట్టూ పారే ఆ నిస్సారపు లోతుల నదులలో ఎదురెక్కి పోవాలని. 1950ల మొదట్లో అమెరికాలో హాన్లీ హైడ్రోజెట్ అనే పరికరం ఉందని తెలిసి దాని పోకడను అనుసరించాడు. అందులో నీటిధార పడవ అడుగునుంచి, నీటి లోపలే, వెలువడుతుంది. వేగం చాలలేదు, పైగా ఆ ముక్కు అడుగున పొడుచుకొని ఉండేది. అప్పుడు ఆయన దగ్గర పనిచేసే జార్జి డేవిసన్ ఒక మాట సూచించాడు: ఆ నాజిలును నీటిమట్టానికి కాస్త పైకి తెచ్చి, ధారను గాలిలోకి చిమ్మిస్తే? చేసి చూశారు. పడవ ఎగిరి పరుగెత్తింది. 1954 నాటికి ఐరిష్‌మన్ క్రీక్ చెరువులో జెట్ పడవ తిరిగింది. చాలా పెద్ద సమస్య నాలుగు వేళ్ళ మేర పైకి జరపడంతో తీరిపోవడం, అదీ యజమానికి కాక పనివానికి తోచడం, నాకు ఎంతో నచ్చిన ఘట్టం.

ఆ తరువాత అడ్డదిడ్డంగా నీటిని విసిరే పంపు స్థానంలో తిన్నగా వెనక్కు నెట్టే పంపు వచ్చింది. దానితో ఈ పడవ ఆటబొమ్మ స్థాయి దాటింది. 1960లో హామిల్టన్ జెట్ పడవలు అమెరికాలో కొలరాడో నదిని గ్రాండ్ కాన్యన్ గుండా ఎదురెక్కాయి. ఆ నదిని ఏళ్ళ తరబడి చదువుకున్న ఓటిస్ మార్‌స్టన్ ఆ యాత్ర వెనుక ఉన్నాడు; బిల్ కుమారుడు జాన్ హామిల్టన్ పడవ నడిపినవారిలో ప్రముఖుడు. 1974లో బిల్‌కు సర్ బిరుదు వచ్చింది. ఈ పద్ధతి మీరే కనిపెట్టారా అని అడిగితే, ఆ గౌరవం ఆర్కిమిడీసుదని ఆయన తప్పించుకునేవాడట. పండితులు నేర్చుకోదగ్గ వినయం.

ఇక మన దేశానికి సంబంధించిన ఘట్టం. 1977 ఆగస్టులో ఎడ్మండ్ హిల్లరీ బృందం గంగాసాగరంనుంచి బయలుదేరి జెట్ పడవలలో గంగను ఎదురెక్కింది. మూడు పడవలు. వాటి పేర్లు 'గంగ', 'కివీ', 'ఎయిర్ ఇండియా'. ఇక్కడ కూడా జాన్ హామిల్టన్ ఉన్నాడు; మనవారిలో ఎం.ఎస్. కోహ్లీ ఉన్నాడు. అప్పుడు నేను ప్రాచ్యకళాశాల విద్యార్థిని. పత్రికలో ఆ వార్తలు పడిన రోజున మా గురువుగారు పాఠం ఆపి, "భగీరథుడు గంగను ఆకాశంనుంచి సముద్రానికి తెచ్చాడు. వీళ్ళు సముద్రంనుంచి ఆకాశానికి పోతున్నారు. ఇదీ భగీరథప్రయత్నమే, కాకపోతే తిరగేసి" అన్నారు. తరగతంతా నవ్వింది. సెప్టెంబరు చివర నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడి పడవలు ఆగిపోయాయి. అక్కడినుంచి కాలినడక. ఆ మరుసటి సంవత్సరం, 1978 మార్చిలో, బిల్ హామిల్టన్ కన్నుమూశాడు. గొర్రెలదొడ్డి చెరువులో తిరిగిన తన పడవ గంగను ఎదురెక్కిందన్న వార్త విని పోయాడన్నమాట.

* * *

ఇదంతా పుస్తకాలలో పెద్ద అక్షరాలలో ఉంటుంది. నేను వెతుకుతున్నది మాత్రం బిరడా. అది చిన్న అక్షరాలలో, యంత్రం నడిపే విధానం చెప్పే పుటలలో దొరికింది.

జెట్ పడవ అడుగున ఒక నోరు ఉంటుంది. దానికి కమ్ముల జాలీ. జాలీ దాటిన నీరు ఇంపెల్లరు అనే చక్రం దగ్గరకు పోతుంది. ఆ చక్రానికీ దాని చుట్టూ ఉన్న ఉంగరానికీ మధ్య సందు మిల్లీమీటరులో కొద్దిపాలు. చక్రం వెనక్కు తోసిన నీరు సుడి తగ్గి తిన్ననై, సన్నని నాజిలుగుండా వేగంగా చిమ్ముతుంది. నాజిలును కుడి ఎడమలకు తిప్పితే పడవ తిరుగుతుంది. దాని ముందు దొప్ప దించితే ధార ముందుకు మళ్ళి పడవ వెనక్కు నడుస్తుంది. అడుగున పొడుచుకొని ఉండేదేమీ లేదు. అందుకే అది జానెడు నీటిలో పరుగెత్తగలదు.

అయితే లోతులేని నీటిలో తిరిగే హక్కుకు ఒక మూల్యం ఉంది. లోతులేని నీటిలో ఇసుక ఉంటుంది, గులకరాయి ఉంటుంది, గడ్డి ఉంటుంది. పంకా పడవ వాటిని తప్పించుకోజూస్తుంది. జెట్ పడవ వాటిని పీలుస్తుంది. జాలీకి గడ్డి అడ్డంపడితే పంపుకు నీరు అందదు. ఇంజను గొంతు పెంచి అరుస్తుంది, పడవ కదలదు. ఇసుక ఆ సన్నని సందును అరగదీసి కాలక్రమంలో బలం తగ్గిస్తుంది. చిన్నరాయి ఇరుక్కుంటే చక్రమే నిలిచిపోతుంది. నిలబడి ఉన్న పడవలో, లోతు చాలనిచోట, ఇంజనును గట్టిగా తిప్పితే అడుగున ఉన్న రాళ్ళను తానే పిలుచుకొన్నట్లు.

దీనికి విరుగుడుగానే ఆ ద్వారం. నదులలో తిరిగే అల్యూమినియం పడవలలో పంపు నోటికి పైన, పడవ లోపల, మరలతో బిగించే ఒక మూత ఉంటుంది. కొన్నిటికి జాలీని కింద నుంచి దువ్వే దువ్వెన వంటి ఏర్పాటు కూడా ఉంది. సరస్సులలో తిరిగే నేటి వినోదపు పడవలలో అదే పని గొట్టం, బిరడా చేస్తాయి. పడవ ఆగి ఉన్నప్పుడు గొట్టం పైఅంచు నీటిమట్టానికి పైన ఉంటుంది కనుక బిరడా తీసినా నీరు పొంగదు. పడవ పరుగెత్తుతున్నప్పుడు మాత్రం లోపల నీరు తోపుడుమీద ఉంటుంది. అప్పుడు బిరడా వదులైతే నీరు ఎగదన్ని పడవలోకి చేరవచ్చు. అంటే ఆ బిరడా రెండు పనులు చేయాలి: కావలసినప్పుడు రావాలి, అక్కరలేనప్పుడు రాకూడదు. ఒక్కటే చేస్తే అది బిరడా కాదు.

ఇక్కడే నాకు చిన్ననాటి కొడవలి కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. ఆ కళాసీ నీట మునిగి చేసిన పనిని, ఈ బిరడా ఉన్న పడవలో మనిషి పొడిగా కూర్చుని చేస్తాడు. ప్రవాహం మధ్యలో, బలం పోయిన పడవ రాళ్ళవైపు కొట్టుకుపోతుంటే, ఆ నాలుగు నిమిషాలే ప్రాణం. ఆ ద్వారాన్ని సీలంటుతో పూడ్చేస్తే మనిషి మళ్ళీ కొడవలి పట్టుకొని నీళ్ళలోకి దూకవలసిందే.

చరిత్రలో ఎదురెక్కిన నదుల పేర్లే మిగులుతాయి. తన యంత్రం ఊపిరాడక ఆగిపోతుందని ముందే ఒప్పుకొని, అప్పుడు చేయి దూర్చడానికి దారి విడిచిపెట్టిన వివేకానికి పేరు మిగలదు. వేగం ఎంత గొప్పదో ఈ ఒప్పుకోలు అంత గొప్పదని నాకు తోచింది.

* * *

ఇంటికి వచ్చి మావాడితో ఇదంతా చెప్పాను. వాడు శ్రద్ధగానే విన్నాడు గాని, "శనివారం ప్రయాణం పెట్టుకున్నాం గదా" అన్నాడు. ఎనిమిదేళ్ళ మనవడు అప్పటికే తన ఈతచొక్కా తీసి మంచంమీద పెట్టుకున్నాడు. "ఆ బిరడా బాగుపడేదాకా వీణ్ణి ఆ పడవ ఎక్కనివ్వను" అన్నాను. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొడుకు ఇంట్లో ఉండి కొడుకుమీద ఆంక్ష పెట్టడం నాకూ సుఖంగా లేదు. చివరికి మా కోడలే, "మావయ్యగారు చెప్పింది సబబే. ఒక వారం ఆగితే ఏం పోతుంది?" అంది. పిల్లవాడు ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఆ వారం సాయంత్రాలు తండ్రీకొడుకులం పడవ వెనుకే గడిపాము. క్రమం చెబుతాను, ఎవరికైనా పనికివస్తుంది.

మొదట పడవ ట్రైలరుమీద, ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవడం. చేయి దూర్చే చోట చక్రం తిరిగితే వేళ్ళు ఉండవు. ఇది ఇంట్లోనైనా నీటిమీదనైనా తప్పని మొదటి నియమం. తరువాత గోరువెచ్చని నీటితో పైనున్న ఉప్పు కడిగి, తెల్ల వెనిగరులో తడిపిన గుడ్డ బిరడా అంచు చుట్టూ చుట్టి రాత్రంతా ఉంచాము. గట్టిపడిన ఉప్పునూ సున్నపు పొరనూ అది కరగదీస్తుంది. సుత్తి వాడవద్దన్నాను. దొరికిన నూనె ఏదైనా పోద్దామని మావాడన్నాడు. కాని కొన్ని నూనెలకు కొన్ని రబ్బర్లు ఉబ్బి పాడవుతాయని పుస్తకంలో చదివాను కనుక అదీ వద్దన్నాను.

రెండోనాడు మావాడు పిడి పట్టుకొని లాగబోయాడు. "లాగకు, తిప్పు. వీణ బిరడా ఎలా తిప్పుతారో అలా. ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి" అన్నాను. మా అమ్మ వీణ వాయించేది. వానాకాలంలో బిరడాలు బిగుసుకుపోతే ఆమె ఎంత ఓపికగా తిప్పేదో చూసి పెరిగినవాణ్ణి. అలా పావుగంట తిప్పగా లోపల ఎక్కడో చిన్న చప్పుడైంది. మూడోనాటికి బిరడా చేతికి వచ్చింది. దాని వెంట ఎండి తాడులాగా అయిన నాచు, గుప్పెడు ఇసుక, చింతగింజంత గులకరాయి ఒకటి. ఆ రాయి ఎన్నేళ్ళనుంచి అక్కడ కాచుకొని ఉందో.

గొట్టం లోపలిభాగాన్ని మెత్తని పీచుతో గీతలు పడకుండా తోమాము. రబ్బరు ఉంగరం కూర్చునే గాడిలోని మురికిని చెక్కపుల్లతో తీశాము. ఇనుపసూదితో గీస్తే ఆ గీతగుండానే నీరు కారుతుంది. తరువాత బిరడాలను ఎండలో పెట్టి కళ్ళజోడు సవరించుకొని చూశాను. ఎడమదానికి కొత్త ఉంగరాలు వేస్తే చాలు. కుడిదానికి మాత్రం కొక్కెం మొదట్లో వెంట్రుకంత బీట కనబడింది. మూడు రోజులు కష్టపడి తీసినదాన్ని పారవేయడానికి మావాడికి మనసొప్పలేదు. జిగురుపెట్టి అతికిద్దామన్నాడు. "ఒరేయ్, ఉంగరం పాతబడితే మార్చవచ్చు. పట్టు విరిగితే బిరడానే మార్చాలి" అన్నాను. జీర్ణోద్ధరణ అంటే పాతదంతా నిలబెట్టడం కాదు. ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చడమూ అందులో భాగమే. పాతప్రతులు పరిష్కరించేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

కొత్త బిరడా వచ్చింది. తయారీదారు చెప్పిన గ్రీజు పల్చగా పూసి, రెండింటినీ కూర్చోబెట్టి, కొక్కెం పడిన చప్పుడు విని, పిడి పట్టుకొని గట్టిగా లాగి చూశాము. రాలేదు. రాకూడదు కూడా. పడవ అట్టడుగున నీరు కారిపోవడానికి వేరే ఒక బిరడా ఉంటుంది; దానితో దీన్ని పొరబడకూడదు. నీటిలోకి దించేముందు అదీ బిగించి ఉందో లేదో చూడడం మరో నియమం.

* * *

ఒక వారం ఆలస్యంగా బెన్‌మోర్ సరస్సుకు వెళ్ళాము. ఇది వైటాకి నదిమీద కట్టిన జలవిద్యుత్తు ఆనకట్ట వెనుక నిలిచిన సరస్సు. హామిల్టన్ ఎదురెక్కాలని కలగన్న నీరే అది. మా ఆవిడ ఒడ్డునే కుర్చీ వేసుకొని కూర్చుంది. మొదట మావాడొక్కడే చిన్న చుట్టు చుట్టివచ్చి, పడవ అడుగు తడిమి చూసి, పొడిగా ఉందని చూపించాకనే మేము ఎక్కాము.

గంటసేపు హాయిగా తిరిగాము. గడ్డి ఉన్నచోటికి వెళ్ళమన్న మాట మావాడు మరచిపోలేదు. గడ్డే మా దగ్గరకు వచ్చింది. ఎవరి పడవో తెంపిన తీగల మోపు ఒకటి నీటిమీద తేలుతూ వచ్చి మా కిందికి చేరింది. ఇంజను గొంతు మారింది. పడవ నిలిచిపోయింది. గాలి మమ్మల్ని రాళ్ళగట్టువైపు నెమ్మదిగా తోస్తోంది. మావాడు ఇంజను ఆపి, తాళంచెవి తీసి నా చేతికిచ్చాడు. వెనక్కు వెళ్ళి కుడి బిరడా తిప్పాడు. అది వెన్నలో కత్తిలాగా వచ్చింది. మోచేతిదాకా చేయి దూర్చి గుప్పెడు తరువాత గుప్పెడు గడ్డి తీశాడు. మళ్ళీ బిరడా పెట్టి, చప్పుడు విని, లాగి చూసి, ఇంజను వేశాడు. గట్టు ఇంకా ఇరవై గజాలుంది. వాడు నావైపు చూశాడు గాని ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తీసిన గడ్డిని పిల్లవాడు నీటిలోకి విసరబోతే వాళ్ళ నాన్న ఆపి సంచిలో వేయించాడు. లాగరోసిఫాన్ అనే ఆ నీటిమొక్క పరదేశపుది. ముక్క పడినచోటల్లా మొలకెత్తుతుంది. డిడిమో అనే నాచు 2004లో ఆ దేశపు దక్షిణద్వీపంలో తొలిసారి కనబడిన తరువాత, ఒక నీటినుంచి మరో నీటికి పోయే ప్రతి పడవనూ చూడాలి, కడగాలి, ఆరబెట్టాలి అన్న నియమం అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. పైపైన కడిగితే చాలదు. గొట్టంలో దాగిన ఒక్క తడికొమ్మ చాలు మరో సరస్సును చెరచడానికి. బిరడా తెరవని పడవ కడిగిన పడవ కాదు. ఆ సాయంత్రం ఒడ్డున రెండు బిరడాలూ మళ్ళీ తీసి, కడిగి, గొట్టాలు ఆరేదాకా తెరచే ఉంచాము. మా ఆవిడ మొదటిసారి దగ్గరకు వచ్చి లోపలికి తొంగిచూసి, "ఇంతేనా? ఇంత చిన్నదానికా ఇన్ని రోజులు?" అంది.

ఇంతే. ఇంత చిన్నదానికే.

తిరుగుప్రయాణంలో మనవడు, "తాతయ్యా, దీని పేరేమన్నావు?" అని అడిగాడు. చెప్పాను. దారిపొడుగునా బిరడా, బిరడా అని జపం చేశాడు. వాడికి వచ్చిన తెలుగుమాటలలో అది ఎన్నోదో గాని, ఆ మాట వాడు మరచిపోడని నా నమ్మకం. మరచిపోకుండా ఉండడానికి వాడి చేతికి గ్రీజు కూడా అంటించాను.

మన లాంచీలమీద, మరపడవలమీద పనిచేసినవారెవరైనా ఇది చదివితే, ఇటువంటి మూతను మీ వైపు ఏమంటారో దయచేసి తెలియజేయండి. సరంగుల నోట మంచి మాట ఒకటి ఉండే ఉంటుంది. నా బిరడాకంటె అదే బాగుంటుందేమో.

సెలవు.